భీమవరం నుంచి బోస్టన్ దాకా: కండరం గుట్టు చూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ ఒక గొప్పవారి జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. ఈసారి మన గోదావరి గడ్డమీద పుట్టిన శాస్త్రవేత్త గురించి రాద్దామని సంపాదకవర్గంలో అందరం అనుకున్నాం. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు పోటీ పరీక్షల జీకే పుస్తకాల్లో ఒక్క లైను ఉంటుంది. టెట్రాసైక్లిన్, ఫోలిక్ యాసిడ్, భీమవరం. అంతే. ఆయన కండరం మీద చేసిన పని గురించి ఆ లైనులో ఉండదు. మాకు మాత్రం అదే పెద్ద పనిగా తోచింది. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ముందే ఒక మాట. సుబ్బారావు గారు మన వాడల్లో పుట్టినవారు కాదు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. చదువుకున్న చుట్టాలున్నారు, మద్రాసు వెళితే తలుపు తీసేవారున్నారు. ఆయన పేదరికమూ మన తాతల పేదరికమూ ఒకటేనని మేము రాయం. అయినా పరీక్ష తప్పడం, ఫీజుకు డబ్బుల్లేకపోవడం, ఇంట్లో మనుషులు జబ్బుతో పోతుంటే చూస్తూ కూర్చోవడం ఈ హాస్టల్లో ఎవరికీ కొత్త సంగతులు కావు. అవన్నీ ఆయనకు బాగా తెలుసు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బెరిబెరి జబ్బు చేసి ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల సుబ్బారావు ఒక చుట్టాలబ్బాయిని వెంటబెట్టుకుని ఇంట్లోంచి పారిపోయాడు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని! మన జిల్లా కుర్రాడికి అరటిపళ్ల వ్యాపారం తట్టడంలో వింత లేదు కానీ కాశీ దాకా పోనివ్వలేదు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి రాజమండ్రిలో చదువుకు పెట్టింది.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. ఆ రోజుల్లోనే తండ్రి పోయారు. కొడుకు చదువు ఆగకూడదని వెంకమ్మ గారు నగలు అమ్మారు. ఈ కుర్రాడికేమో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలని ఉంది. తల్లి ఒప్పుకోలేదు. మఠంలోని వారే వైద్యం చదివి నలుగురికి పనికిరమ్మని నచ్చజెప్పి పంపారు. అలా ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. 1919లో ఆ మూర్తి గారి అమ్మాయి శేషగిరితోనే ఆయనకు పెళ్లయింది.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కుని ఆపరేషన్ తరగతికి వెళ్లడం ఆయన చేసిన నేరం. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికంటే తక్కువైన ఎల్ఎంఎస్. ప్రభుత్వ వైద్య సర్వీసులోకి తీసుకోలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నారు.

ఈ లోపలే ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. పేగులు తిన్నది పట్టుకోలేక, రక్తం విరిగి, మనిషి ఎండిపోయే జబ్బు అది. కొన్నాళ్లకు ఆయనకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఆ జబ్బు ఎందుకొస్తుందో ఇంగ్లిషు వైద్యానికీ తెలియదు, ఆయుర్వేదానికీ తెలియదు. ఆయన్ని అమెరికా దాకా నడిపించింది ఆ ప్రశ్నేనని ఆయన జీవితం చదివినవారందరికీ అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

ప్రయాణానికి మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత ఇస్తామని మాటిచ్చింది. కోరంగి వైపు నుంచి రంగూన్ వెళ్లి గడించిన సొమ్మును చదువులకు రాసిచ్చిన దాత ఆయన. స్కాలర్‌షిప్ విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1923లో సుబ్బారావు గారు బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. అప్పటికి భార్య గర్భవతి. తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాణ్ణి చూడనే లేదు.

బోస్టన్‌లో తిండికి, అద్దెకు చాలక రాత్రిపూట ఆసుపత్రిలో పనికి కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగే పని. దీన్ని ఆయన గొప్పతనంగా రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. మన ఇళ్లలో ఆ పని చేసినవారి మీద అలాంటి వ్యాసాలు ఎవరూ రాయలేదు. వారికి అది పుట్టుకతో అంటగట్టిన పని. ఆయనకు అది కొన్నాళ్ల ఉద్యోగం, చదువైపోగానే వదిలేయగలిగారు. ఇది ఆయన్ని తక్కువ చేయడానికి అంటున్నది కాదు. రాత్రి ఆ పని చేసి పగలు ల్యాబులో నిలబడ్డారు, అది నిజం.

ఆ ల్యాబు హార్వర్డ్ బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ది. ఇద్దరూ కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, ఇంకో మందు వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకున్న మన పూర్వ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో చేసిన ఫిస్కే–సుబ్బారావ్ పద్ధతి ఇదే. అందులోని సుబ్బారావ్ భీమవరం ఆయనేనని చాలామందికి తెలియదు.

ఈ పద్ధతితో పిల్లి కండరం రసాన్ని పరీక్షిస్తుంటే ఒక తేడా కనబడింది. రంగు ఒక్కసారిగా వచ్చి ఆగడం లేదు. నిమిషాలు గడిచేకొద్దీ నీలం పెరుగుతూ పోతోంది. మందు పాడైందనుకుని పారబోసేవారే ఎక్కువ. వీళ్లు పారబోయలేదు. కండరంలో ఏదో పదార్థం ఉంది, అది ఆమ్లంలో నెమ్మదిగా విరిగి భాస్వరాన్ని వదులుతోంది, అందుకే రంగు పెరుగుతోందని పట్టుకున్నారు. వెతికితే క్రియాటిన్ అనే పదార్థానికి ఫాస్ఫేట్ అతుక్కుని ఉంది. దానికి ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ ఈ పదార్థం జాడ దొరికింది కానీ అందులో ఏముందో తేల్చినవారు ఫిస్కే, సుబ్బారావులే. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే అంతకుముందు ఏమనుకునేవారో తెలియాలి. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమని శాస్త్రలోకం నమ్మేది. కండరం వేడి మీద, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన పనికి హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 నోబెల్ బహుమతి ఇచ్చారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడ్డాక ఆ నమ్మకం కదిలింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేసినా కండరం ముడుచుకుంటుందని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ చూపించేసరికి కూలిపోయింది.

1929లో ఫిస్కే, సుబ్బారావు కండరంలోనే ఇంకో భాస్వరం పదార్థాన్ని ప్రకటించారు. నేడు ఇంటర్ బోటనీ పుస్తకం తెరిస్తే కనిపించే ఏటీపీ అదే. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ ఏడాదే విడిగా కనుగొన్నాడు. ఏటీపీని సుబ్బారావు గారు ఒక్కరే కనుగొన్నారని రాసే అలవాటు మనవాళ్లకుంది. అది సరికాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన ఎత్తు తగ్గదు.

ఏటీపీ అంటే కణం చేతిలోని చిల్లర. ప్రతి పనికీ అందులోంచే ఖర్చు. ఫాస్ఫోక్రియాటిన్ పక్కనున్న డబ్బా. చిల్లర అయిపోతుంటే డబ్బాలోంచి క్షణంలో నింపుకోవచ్చు. వంద మీటర్ల పరుగులో మొదటి కొన్ని సెకన్లు మన కాళ్లను నడిపేది ఆ డబ్బాయే.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆ ల్యాబులో ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థాలను ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదనీ, వాటిని ఏళ్ల తరువాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందనీ ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. ఈ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీలో చేరి, అక్కడ పరిశోధనలన్నిటికీ అధిపతి అయ్యారు. ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన బృందాల చేతిమీదుగా వచ్చినవి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేశారు. అన్నదమ్ములిద్దర్నీ మింగిన స్ప్రూలో విరిగిపోయే రక్తాన్ని నిలబెట్టింది అదే మందు. మన హాస్టళ్లలో వారానికొకటి మింగించే నీలం మాత్రలో ఇనుముతోపాటు ఉండేదీ అదే. 1947లో బోదకాలుకు డీఈసీ. దోమలు, మురుగు కాలవల మధ్య బతికే మన డెల్టాలో ఈ మందు విలువ చెప్పనక్కర్లేదు. దేశంలో బోదకాలు నిర్మూలన కార్యక్రమం కింద 2004 నుంచి ఊళ్లో అందరిచేతా మింగించినవి ఆ మాత్రలే. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్ ఇచ్చి, రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గడాన్ని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించారు. అదే కుటుంబంలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. 1948లోనే బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది.

ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. 53 ఏళ్లు. పాతికేళ్లలో ఒక్కసారీ స్వదేశం రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు, వెంకమ్మ గారూ చూడలేదు. నగలమ్మి చదివించిన తల్లి గురించి ఈ సంచికకు రాస్తున్నప్పుడు మాలో కొందరికి కలం ముందుకు సాగలేదు.

ఆయన పోయిన ఐదేళ్లకు, 1953లో, అమెరికాలో సింప్సన్ అనే శాస్త్రవేత్తకు విచిత్రమైన విషయం కనబడింది. కాలేయం ముక్కల్లో ప్రొటీన్లు విరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంటాయి. కణానికి శక్తి అందకుండా చేస్తే ఆ విరగడం తగ్గిపోతోంది. ఇల్లు కట్టడానికి ఖర్చవుతుంది గానీ కూలిపోవడానికి ఖర్చేమిటి? మన కడుపులో పప్పు అరగడానికి ఏటీపీ అక్కర్లేదు కదా. కణం లోపల మాత్రం కూల్చడానికీ ఖర్చుంది, ఆ ఖర్చు కూడా సుబ్బారావు గారి ఏటీపీలోంచే.

ఎందుకో తేలడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. ఇజ్రాయెల్‌లో హెర్ష్‌కో, చియెహనోవర్, అమెరికాలో ఇర్విన్ రోజ్ కలిసి తేల్చారు. 2004లో ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. సంగతేమిటంటే, కణం తన ప్రొటీన్లను ఇష్టమొచ్చినట్టు విరవదు. పాడైనవాటిని, సరిగా మడత పడనివాటిని, పని అయిపోయినవాటిని ఏరుతుంది. కొట్టేయవలసిన చెట్టుకు ముందు సున్నంతో గుర్తు వేసినట్టు, వాటికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను అతికిస్తుంది. 76 అమైనో ఆమ్లాల ముక్క అది. అతికించడానికి ఏటీపీ కావాలి. గుర్తు పడినదాన్ని ప్రోటియాజోమ్ అనే పీపాలాంటి యంత్రం పట్టుకుని, మడతలు విప్పి లోపలికి లాగుతుంది. చెరకు గడ గానుగలోకి పోయినట్టే. విప్పడానికీ లాగడానికీ మళ్లీ ఏటీపీ. లోపల ముక్కలైపోయాక అమైనో ఆమ్లాలు కొత్త ప్రొటీన్ల తయారీకి వెళతాయి. గానుగలో పట్టని పెద్ద చెత్తను కణం సంచీకట్టి, లైసోజోమ్ అనే ఆమ్లపు తిత్తిలో వేసి కరిగిస్తుంది.

కండరంలో ఈ ఏరివేత చాలా ముఖ్యం. కండర కణాలు చర్మం కణాల్లా రోజూ రాలిపోయి కొత్తవి రావు. ఏళ్లతరబడి అవే లాగాలి, బరువెత్తాలి. పుట్టుకతో జన్యువులో తప్పున్న పిల్లల్లో ఈ ఏరివేత మూడు రకాలుగా దెబ్బతీస్తుంది.

అందరూ విన్నది డుషేన్ కండరాల క్షీణత. సుమారు 3,500 నుంచి 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారుకాదు. ఆ ప్రొటీన్‌ను 1987లో గుర్తించారు. కండర కణం పొరను లోపలి నుంచి పట్టి ఉంచే తాడు అది. తాడు లేకపోయేసరికి దాన్ని ఆనుకుని పొరలో నిలబడే మిగతా ప్రొటీన్లకూ ఆధారం పోతుంది. వాటిలో తప్పేమీ లేకపోయినా చాలావరకు కణం వాటినీ ఏరివేతకు పంపేస్తుంది. పొర చిరుగుతుంది, కండరం చచ్చి కొవ్వు చేరుతుంది.

రెండోది మా మనసుకు ఎక్కువ తగిలింది. భుజాలు, తుంటి కండరాలు పట్టు తప్పే లింబ్ గర్డిల్ రకాల్లో కొన్నిటిలో, సార్కోగ్లైకాన్ అనే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారి ఉంటుంది. ప్రొటీన్ తయారవుతుంది. పొరదాకా చేరితే కొంత పనీ చేయగలదు. కానీ కణంలో తనిఖీ చేసేచోట మడత కాస్త తేడాగా ఉందని ఆపేసి, గుర్తు వేసి, గానుగకు పంపేస్తారు. ఒక్క సబ్జెక్టులో మార్కులు తగ్గాయని ఏడాదంతా పోగొట్టడంలాగా అన్నమాట. ఆ తనిఖీని కాస్త సడలిస్తే కొన్ని తప్పు ప్రొటీన్లు పొరకు చేరుతున్నాయని కణాల్లో, ఎలుకల్లో చేసిన ప్రయోగాలు చెప్పాయి. అంతమాత్రాన మందు దొరికినట్టు కాదు. గానుగనే ఆపేస్తే ఒళ్లంతా చెత్త పేరుకుంటుంది. అలా ఆపే మందులు కొన్ని క్యాన్సర్ వైద్యంలో ఉన్నాయి, వాటి దుష్ఫలితాలు తక్కువేమీ కావు.

మూడో రకంలో ఏరివేసే యంత్రమే చెడుతుంది. గుర్తుపడ్డ ప్రొటీన్‌ను దాని చోటునుంచి ఊడబెరికి గానుగకు అందించే వీసీపీ అనే పనివాడున్నాడు. అతని కూలీ కూడా ఏటీపీయే. ఈ వీసీపీ జన్యువులో తప్పుంటే పెద్దవయసులో కండరాల్లో చెత్త ముద్దలు కడుతుందని 2004లో తేలింది.

డాక్టర్లు ఈ జబ్బుల్ని అనుమానిస్తే మొదట రాసే రక్తపరీక్ష సీపీకే. క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్. ఫాస్ఫోక్రియాటిన్ డబ్బాలోంచి ఏటీపీని నింపే ఎంజైమ్ అది. కండరం పొర చిరిగితే రక్తంలోకి కారుతుంది. కండరక్షీణతలో అది పెరుగుతుందని 1959లో జపాన్‌లో ఎబాషి బృందం చూపించింది. డుషేన్ పిల్లల్లో మామూలుకంటే పదుల రెట్లు ఉంటుంది. ఆ పేరులోని క్రియాటిన్, ఫాస్ఫో రెండూ పిల్లి కండరంలో ఆగకుండా పెరిగిన ఆ నీలం రంగు నుంచి వచ్చినవే.

చిన్న తరగతుల హాస్టళ్లలో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకు, ఊళ్లలో తమ్ముళ్లున్నవారికి ఇది చెప్పాలని ఈ వ్యాసం రాశాం. నాలుగైదేళ్ల మగపిల్లవాడు తరచు పడిపోతుంటే, మెట్లెక్కలేకపోతుంటే, నేలమీంచి లేవడానికి మోకాళ్ల మీద, తొడల మీద చేతులానించి తనమీద తానే ఎక్కుతున్నట్టు లేస్తుంటే, పిక్కలు మాత్రం లావుగా కనిపిస్తుంటే, సోమరి అనకండి, పీటీ పీరియడ్‌లో కొట్టకండి. పెద్దాసుపత్రికి తీసుకెళ్లి సీపీకే చేయించండి. డుషేన్ తల్లివైపు నుంచి వచ్చే జన్యువు, మూడింట ఒక వంతు మందిలో కొత్తగా పుట్టే తప్పు. దానికి మేనరికంతో సంబంధం లేదు, తల్లిని నిందించే పనీ లేదు. లింబ్ గర్డిల్ రకాలు చాలావరకు ఇద్దరి తప్పుజన్యువులూ కలిస్తేనే వస్తాయి. అందుకే అక్క కూతుర్ని, మేనమామ కొడుకును చేసుకునే మన ఇళ్లలో వాటికి అవకాశం ఎక్కువ. అలాంటి ఇంట్లో ఒక బిడ్డకు ఉంటే తరువాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది, కాబట్టి పెళ్లికి ముందో కాన్పుకు ముందో జన్యు సలహా అడగడం మంచిది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో కండరాల క్షీణత పేరు ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే చదువులో రిజర్వేషన్, పరీక్షలో రాసిపెట్టే సహాయకుడు అడిగే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది.